ఆ ఇరవై నిమిషాలు జీతంలో కలపండి

ఆటోనగర్లలో, పారిశ్రామికవాడల్లో ఫ్యాబ్రికేషన్ షాపులు నడుపుతున్న యజమానులకు, వారి సంఘాల పెద్దలకు,



మీ షాపులో సీవోటూ వెల్డింగ్ మిషన్ మొరాయించినప్పుడు ఫోన్ చేసి పిలిపించుకునే మెకానిక్కుల్లో నేనొకణ్ణి. విజయవాడ ఆటోనగర్ నా అడ్డా. పని పడితే గాజువాక వైపూ, జీడిమెట్ల వైపూ వెళ్తుంటాను. మిషన్ ఆగితేనే నాకు రాబడి. ఇందులో నేనడిగేది జరిగితే నా గిరాకీ సగానికి పడిపోతుంది కాబట్టి, ఈ ఉత్తరం వెనక నా లాభమేదో ఉందని మీరు వెతుక్కోనక్కర్లేదు.

అడిగేది చిన్నదే. పొద్దున షట్టరు ఎత్తాక, ఇంకా మొదటి ట్యాక్ కూడా పడకముందే, మిషన్ నడిపే వెల్డరుకు ఇరవై నిమిషాలు ఇవ్వండి. మిషన్ చూసుకోవడానికి. హాజరు పడ్డాక వచ్చే ఇరవై నిమిషాలు, జీతం లెక్కలోవి. ఇప్పుడు ఆ పని ఎవరి మెడకు చుట్టుకుందో మీకు తెలియంది కాదు. నిన్నగాక మొన్న చేరిన హెల్పరు కుర్రాడు షాపు ఊడ్చి, టీలు తెచ్చి, మధ్యలో మిషన్ కూడా తుడుస్తాడు. ఏం తుడవాలో, దేన్ని ముట్టుకోకూడదో వాడికి ఎవరూ చెప్పరు. పీసు లెక్కన పనిచేసే వెల్డరేమో మిషన్ జోలికి పోడు, పోయినంతసేపూ అతని కూలి పోతుంది గనక. దసరాకి మాత్రం అందరం కలిసి పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. ఆ రోజు మిషన్ రేకు అద్దంలా ఉంటుంది. రేకు వెనకాల ఉండేది కిందటి దసరా నాటి దుమ్మే.

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం వైరు గురించే. “ఆగి ఆగి వస్తోంది, బోర్డు పోయినట్టుంది, త్వరగా రండి” అంటారు. బోర్డు పోవడం అరుదు. వెళ్లి చూస్తే టిప్పో, లైనరో, రోలరో.

ఒకసారి లెక్క చూడండి. 15 కిలోల స్పూలు, 1.2 ఎంఎం వైరు అనుకుంటే, అందులో ఉండేది దాదాపు 1,700 మీటర్లు. అంత వైరూ రోలర్ల మధ్య నలిగి, మూడు మీటర్ల లైనరులో దూరి, చివర టిప్పు చిల్లులోంచి బయటికి రావాలి. దట్టంగా వెల్డు కొట్టేటప్పుడు నిమిషానికి ఏడెనిమిది మీటర్ల చొప్పున పరిగెత్తాలి. దారిలో ఎక్కడ ఏ కాస్త పట్టేసినా ఆర్క్ తడబడుతుంది.

దాన్ని మీ కళ్లతో చూడాలంటే ఒక పని చేయించండి. మిషన్ ఆపి, టిప్పు తీసేసి, వైరు వెనక్కి లాగేసి, టార్చి కేబులును నేల మీద తిన్నగా పరిపించండి. ఫీడరు వైపు నుంచి లైనరులోకి గాలి కొట్టమనండి. టార్చి మూతి దగ్గర ఒక తెల్ల గుడ్డ పట్టండి. మొహం అడ్డం పెట్టకండి. గుడ్డ మీద నల్లటి పొడి పడుతుంది, అందులో మిలమిలలాడే పొట్టు కనిపిస్తుంది. ఆ పొట్టు రాగి. వైరు మీది పూత ఒలిచిపోయి లైనరులో పేరుకుంది. ఎందుకు ఒలిచిందంటారా? వైరు జారుతోందని మనవాడు రోలరు మీది నాబ్ బిగించాడు. బిగించేసరికి వైరు చపటగా నలిగి, పూత రాలింది. రాలిన పూత లైనరుకు అడ్డం పడి వైరు ఇంకా పట్టేసింది. అది చూసి ఇంకో రెండు చుట్లు బిగించాడు. నేను వచ్చేసరికి ఆ నాబ్ చేత్తో తిరగదు, ప్లయర్‌తో విప్పాలి.

టెన్షన్ ఎంతుండాలో చెప్పడానికి మీటరేమీ అక్కర్లేదు. గ్లవ్ వేసుకుని, ఎండిన చెక్క దిమ్మకు రెండంగుళాల దూరంలో టార్చిని ఏటవాలుగా పట్టి ట్రిగ్గరు నొక్కాలి. వైరు చెక్కను తాకి, వంగి, చుట్టలు తిరుగుతూ రావాలి. తాకగానే ఆగిపోయి రోలరు దగ్గర జారుతుంటే కాస్త బిగించాలి, అంతే. దారి నిజంగా మూసుకుపోయినప్పుడు మాత్రం వైరు రోలరు మీద జారిపోవడమే మంచిది. జారనంతగా బిగిస్తే ఫీడరు లోపలే గుట్టగా చిక్కుపడి, దాన్ని కత్తిరించి తీయడానికి అరపూట పడుతుంది. అన్నట్టు, ట్రిగ్గరు నొక్కి ఉన్నంతసేపూ ఆ వైరులో కరెంటు ఉంటుంది. వైరు వస్తోందా లేదా అని టార్చిని మొహం వైపు తిప్పి చూసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

రోలరు గాడి కూడా వైరును బట్టే ఉండాలి. మామూలు ఇనప వైరుకు వీ గాడి, మెత్తటి అల్యూమినియానికి యూ గాడి, ఫ్లక్స్ వైరుకు పళ్లున్న గాడి. 0.8 వైరు పెట్టి 1.2 గాడిలో నడిపి, మిషన్ మంచిది కాదనడం దానికి అన్యాయం. ట్రిగ్గరు వదిలాక కూడా స్పూలు తిరుగుతూ వైరు వదులైపోతుంటే హబ్బు బ్రేకు కొంచెం బిగించాలి. సాయంత్రం స్పూలు మీద కవరు కప్పాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వానాకాలం నాలుగు రోజులు తెరిచి ఉంచితే వైరు తుప్పు పడుతుంది, ఆ తుప్పంతా లైనరులోకే.

ఇక టిప్పు. బాగా వాడిన టిప్పును వెలుతురుకు ఎత్తి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన చిల్లు ఒక పక్కకు సాగి కోలగా కనిపిస్తుంది. వైరుకు కరెంటు అందేది ఆ చిల్లు గోడ నుంచే. గోడ వదులైతే కరెంటు ఒక క్షణం అందుతుంది, ఒక క్షణం అందదు. ఆర్క్ పటపటమంటుంది, స్పాటరు ఎగురుతుంది, చివరికి వైరు వెనక్కి కాలి టిప్పుకే అతుక్కుంటుంది. వెల్డరు దాన్ని ఊడబెరికి, ఫైలుతో గీసి, మళ్లీ అదే బిగిస్తాడు. ఎందుకంటే కొత్త టిప్పుల డబ్బా మీ డ్రాయర్లో ఉంటుంది, డ్రాయరుకు తాళం ఉంటుంది. టీ, సమోసా ఖరీదు చేసే వస్తువు అది. దానికోసం ఆఫీసు గదిలోకొచ్చి నిలబడి, “నిన్నే కదా ఇచ్చాను” అనిపించుకోవడం వెల్డరుకు ఇష్టం ఉండదు. డబ్బా మిషన్ పక్కన పెట్టండి. నెలాఖరుకు టిప్పుల ఖర్చు పెరుగుతుంది. గ్రైండింగ్ డిస్కుల ఖర్చు దానికంటే ఎక్కువ తగ్గుతుంది.

నాజిల్లో పేరుకున్న స్పాటరు తీయడానికి టార్చిని బల్లకేసి కొట్టడం మన వెల్డర్లకు అలవాటు. దాంతో లోపలి ఇన్సులేటరు పగులుతుంది, నాజిల్‌కి కూడా కరెంటు వచ్చేస్తుంది. నాజిల్ ఊడదీసి గీకాలి. యాంటీ స్పాటర్ జెల్ కొద్దిగా పూస్తే గీకే పనే తగ్గుతుంది.

ఇంతవరకూ చెప్పింది వెల్డరు ఇరవై నిమిషాల్లో చూసుకోగలిగినది. కరెంటు, ఎర్తు మాత్రం మీరు చూడాలి. జాబ్‌కి తగిలించే ఎర్త్ క్లాంపు వేరు, మిషన్ బాడీని భూమికి కలిపే ఎర్త్ వైరు వేరు. మొదటిది వెల్డింగు కరెంటు వెనక్కి రావడానికి. రెండోది బాడీకి కరెంటు తగిలితే మనిషిని కాపాడడానికి. క్లాంపు ఉంది కదా అని రెండోదాన్ని తీసేసిన షాపులు ఎన్నో. ప్లగ్గు పోయిందని వైర్లు నేరుగా సాకెట్లోకి దోపి పుల్లలు గుచ్చిన చోట్లూ ఉన్నాయి. ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయించండి. మట్టి ఎండిపోతే ఆ గుంత ఉన్నా లేనట్టే.

క్లాంపును వెల్డు పడే చోటికి దగ్గరగా పెట్టాలి. లారీ బాడీ పనులు మన ఆటోనగర్లలోనే ఎక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఛాసిస్ వెనక వెల్డు చేస్తూ క్లాంపు ముందు చక్రం దగ్గర తగిలిస్తే, కరెంటు తనకు దొరికిన దారిన పోతుంది. ఆ దారిలో బేరింగు ఉంటే దాని బంతుల మీద మచ్చలు పడతాయి. బ్యాటరీ తీసేయకుండా చేస్తే ఆల్టర్నేటరో, కొత్త బండ్లలోని ఈసీయూనో పోతుంది. అప్పుడు లారీ ఓనరుకూ మీకూ తగువు.

ఇప్పుడు రేకు లోపలికి. మిషన్ ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుంది. పక్కనే గ్రైండరు నడుస్తుంటే ఆ గాలిలో ఉండేది ఇనప పొడి, అది కరెంటు పాస్ చేస్తుంది. బోర్డు మీద పల్చగా పరుచుకున్నంతకాలం ఏమీ కాదు. వానాకాలం తేమ తోడయ్యాక ఒక పొద్దున స్విచ్ వేయగానే ఠాప్‌మని పేలుతుంది. గ్రైండింగ్ బల్లను మిషన్‌కి దూరం జరపడం మీ చేతిలో పని. ఖర్చు లేదు. కనీసం నిప్పురవ్వలు మిషన్ వైపు ఎగరకుండా బల్ల తిప్పించండి.

దుమ్ము కొట్టించడానికి మిషన్ల పుస్తకాల్లో ఆరు నెలలకోసారి అని ఉంటుంది. మన షాపుల్లో నెలకోసారి చేయించాలి. అయితే రేకు విప్పే పని హెల్పరుకు అప్పగించకండి, దయచేసి. త్రీ ఫేజ్ ఇన్వర్టర్ మిషన్లో 415 వోల్టుల సప్లై లోపల దాదాపు 580 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. స్విచ్ ఆపినా, ప్లగ్గు పీకినా అది వెంటనే పోదు. ప్లగ్గు పీకి, కనీసం పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి వోల్టేజీ లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని ఇది. గాలి కొట్టే ముందు కంప్రెసరు ట్యాంకులోని నీళ్లు వదలాలి, లేకపోతే దుమ్ముతో పాటు తడి కూడా బోర్డు మీద పడుతుంది. ప్రెషరు తగ్గించాలి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని కొట్టాలి, గాలికి అది అడ్డూ అదుపూ లేకుండా తిరిగితే బేరింగు పోతుంది.

మిషన్ మీద ఒక ప్లేటు ఉంటుంది, దాని మీద 400 ఆంపులు, 60 శాతం అని రాసి ఉంటుంది. పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డు, నాలుగు నిమిషాలు విశ్రాంతి అని దానర్థం. ఆ లెక్క వేసేది చుట్టూ 40 డిగ్రీల వేడి ఉన్నప్పటికి. మే నెలలో మన రేకుల షెడ్లు 40 దగ్గర ఆగుతాయా? ఓవర్‌హీట్ లైటు వెలిగి మిషన్ ఆగిందంటే అది పాడైనట్టు కాదు, తనను తాను కాపాడుకుంటోంది. అప్పుడు స్విచ్ కట్టేయకూడదు, ఫ్యాను తిరగనివ్వాలి. ఆ లైటు వెలగకుండా లోపలి థర్మోస్టాట్‌ను డైరెక్ట్ చేసి పెట్టమని నన్నడిగినవాళ్లున్నారు. చేయలేదు.

గ్యాసుకు కూడా ఎండతో చిక్కుంది. సీవోటూ సిలిండర్లో ఉండేది ద్రవం. 20 డిగ్రీల దగ్గర దాని ప్రెషరు 57 బార్. ద్రవం ఉన్నంతకాలం గేజ్ ముల్లు అక్కడే నిలుస్తుంది, కాబట్టి గేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. కాటా మీద పెట్టి తూయడమే దారి. 31 డిగ్రీలు దాటితే ఇక ద్రవం, ఆవిరి అన్న తేడాయే ఉండదు, వేడెక్కే కొద్దీ ప్రెషరు ఎగబాకుతుంది. ఎండలో పడేసిన సిలిండరు సేఫ్టీ డిస్కు చిట్లి గ్యాసంతా పోవడానికి కారణం అదే. నీడన ఉంచండి, నిలబెట్టండి, గొలుసు వేయండి. పడుకోబెట్టి వాడితే ద్రవం రెగ్యులేటరులోకి వస్తుంది.

గ్యాసు ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది, అందుకే రెగ్యులేటరుకు హీటరు. హీటరు పోతే రెగ్యులేటరు మంచుకట్టి గ్యాసు సన్నబడుతుంది, వెల్డులో పిన్‌హోల్స్ పడతాయి. మంచు కరగడానికి గ్యాస్ కట్టర్ మంట చూపించిన మహానుభావుణ్ణి నేను చూశాను! కొత్త హీటరు పెట్టించండి. పిన్‌హోల్స్‌కు ఇంకో కారణం ఎదురుగా ఉన్న పెడస్టల్ ఫ్యాను. ఉక్కకు తట్టుకోలేక వేసుకుంటారు, పాపం. అది వెల్డు మీది గ్యాసును ఊదేస్తుంది. వెల్డరేమో గ్యాసు తక్కువైందనుకుని 15 లీటర్లను 25కి పెంచుతాడు. ఫ్యానును వెల్డరు పక్క నుంచి, వీపు ఎత్తున వచ్చేలా పెడితే ఇటు వెల్డరుకూ, అటు వెల్డుకూ సరిపోతుంది.

సాయంత్రం సిలిండరు కట్టేయమనండి. పైపు జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూడమనండి. నిమిషానికి ఒక్క లీటరు కారినా, రాత్రి పన్నెండు గంటల్లో కిలోకు పైగా గ్యాసు పోతుంది. డబ్బు సంగతి అది. ప్రాణం సంగతి ఇంకొకటుంది.

5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరు రిపేరుకు వచ్చిందనుకోండి. మనిషి లోపలికి దిగి వెల్డు చేయాలి. టార్చి నుంచి నిమిషానికి 15 లీటర్ల గ్యాసు వస్తోంది. సీవోటూ గాలికి ఒకటిన్నర రెట్లు బరువు, పైకి పోదు, అడుగున నిలుస్తుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే ప్రాణాపాయం. ట్యాంకులో నాలుగు శాతమంటే 200 లీటర్లు. లోపలికి గాలి ఆడకపోతే, పధ్నాలుగు నిమిషాల ఆర్క్ చాలు. అడుగున పడుకుని వెల్డు చేసేవాడికి అంతకంటే ముందే అందుతుంది. పైగా ఆర్క్ వేడికి సీవోటూలో కొంత విరిగి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, దానికి వాసన లేదు. ఆర్గాన్‌కైతే ఊపిరాడటం లేదని ఒంటికి తెలియనివ్వని గుణం కూడా ఉంది, మనిషి అలాగే ఒరిగిపోతాడు.

అందుకని ట్యాంకులోకి దిగే పనికి బ్లోయరు పెట్టి గాలి పంపాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి, భోజనానికి పైకొచ్చినప్పుడు టార్చి లోపల వదలకూడదు. లోపల ఉక్కగా ఉందని ఆక్సిజన్ పైపు వదిలే అలవాటు ఉంటే ఈ రోజుతో మాన్పించండి, ఆ గాలిలో బట్టలు ఒక్క రవ్వకు భగ్గుమంటాయి. పడిపోయినవాణ్ణి తీయడానికి ఆత్రంగా దిగిన రెండోవాడు కూడా పోవడం ఇలాంటి ప్రమాదాల్లో మామూలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ట్యాంకుల్లోకి దిగే పనికి కట్టుబాట్లు రాశారు. నలుగురైదుగురితో నడిచే మన షాపుల వైపు ఆ చట్టం ఎన్నడూ తొంగిచూడలేదు. కాబట్టి మీరే చూడాలి.

పొగ గురించి ఎక్కువ రాయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగు పొగను 2017లో క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. జీఐ పైపుల మీద జింకు పూత గీకకుండా వెల్డు చేస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలూ, బెల్లమూ ఇచ్చి పంపిస్తే సరిపోతుందనుకుంటాం. అవి ఆకలికి మంచివే, జింకు పొగను ఆపలేవు. పూత గీకించి, పొగ లాగే ఫ్యాను పెట్టించండి. డెంటింగ్ షాపుల వాళ్లకు ఇంకో మాట: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట, ఆ తడి ఆరకముందు ఆర్క్ కొట్టనివ్వకండి. ఆర్క్ తగిలితే దాని ఆవిరి ఫాస్జీన్ అవుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద వదిలిన గ్యాసు అదే. కళ్లకు నల్ల కళ్లజోడు చాలదు, హెల్మెట్ కావాలి, పక్కన పట్టుకునే హెల్పరుకు కూడా. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టయి బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని కూర్చునేది ఎక్కువగా ఆ కుర్రాడే.

సంఘాల పెద్దలకు రెండు విన్నపాలు. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, సీవోటూ మూడూ చూపించే మీటరు, దానితో పాటు ఒక బ్లోయరు, ప్రతి షాపూ కొనలేదు. సంఘం కొని ఆఫీసులో ఉంచితే ట్యాంకరు పని వచ్చినవాళ్లు తీసుకెళ్లి, అయ్యాక తిరిగిస్తారు. మీటరును ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పంపే బాధ్యత ఒకరి పేరున రాయండి, లేకపోతే అది కూడా దసరా బొట్టు పెట్టించుకునే వస్తువే అవుతుంది. రెండోది, పీసు రేటు మాట్లాడుకునే చోట్ల పొద్దుటి ఇరవై నిమిషాలను రేటులో కలిపి మాట్లాడండి. ఒక్క షాపు ఇస్తే పక్క షాపు ఇవ్వదు, పోటీలో ఇచ్చిన షాపు నిలవదు. అందరూ ఒకేసారి మొదలుపెడితేనే కుదురుతుంది.

మిషన్ రేకు విప్పాల్సిన రోజు ఎలాగూ ఫోన్ చేస్తారు. నేను వచ్చేలోపు ప్లగ్గు పీకి ఉంచండి. టిప్పుల డబ్బా తాళం కూడా తీసి పెట్టండి.

ఇట్లు,
మీ షాపుల చుట్టూ తిరిగే ఒక మిషన్ మెకానిక్